ఆరు అంగల దూరం

మా మామయ్యకి ఉన్న ఆస్తంతా కలిపి ఒక్క మాట: "ఆయన గీసిన గీత తప్పదు." ఉండేది అద్దిల్లు, తొక్కేది అరిగిపోయిన సైకిలు, పళ్ళు సగం కట్టుడువి. ఆ మాట ఒక్కటే సొంతం. బొగ్గు గనిలో ఇరవై ఎనిమిదేళ్ళు కొలతలు తీసి దాన్ని సంపాదించుకున్నాడు. తన నోటితో తానే దాన్ని పోగొట్టుకోవాల్సిన పరిస్థితి డెబ్బై ఒకటో ఏట వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను.

ఆయన మా అమ్మ తమ్ముడు. గనిలో సర్వేయరు. ఊళ్ళో అందరూ 'కొలతలాయన' అంటారు. నేను మామయ్యా అంటాను, కోపం వస్తే 'సర్వేయరు గారూ' అంటాను. నాకు కోపం తరచుగానే వస్తుంది.

సర్వేయరంటే ఏం చేస్తాడో నాకు చిన్నప్పుడు ఆయనే చెప్పాడు. భూమి పైన నడిచేవాడికి చెట్టో ఇల్లో ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. కింద తవ్వేవాడికి చీకటి తప్ప ఏమీ లేదు. ఎటు తవ్వుతున్నాడో, ఎంత దూరం వచ్చాడో, నెత్తి మీద చెరువుందో ఇళ్ళున్నాయో వాడికి తెలియదు. అది కొలిచి కాగితం మీద గీసి పెట్టేవాడే సర్వేయరు. "వాళ్ళ కళ్ళు నా దగ్గరుంటాయమ్మా" అనేవాడు. గొప్పకి కాదు, భయంతో అనేవాడు.

పెద్ద కొలతలకి మూడు కాళ్ళ యంత్రం ఉండేది. చిన్నవాటికి దిక్సూచి. దిక్సూచిలో ఉండే ముల్లుకి ఇనుమంటే పిచ్చి. పక్కన ఇనపముక్క కనిపిస్తే చాలు, ఉత్తరాన్ని వదిలేసి దానికేసి తిరుగుతుంది. అందుకని మామయ్య దిక్సూచి పెట్టె మూత తీసే ముందు ఒక కేక వేసేవాడట: "ఇనుమున్న వాళ్ళంతా ఆరు అంగలు వెనక్కి!" అంతే, గునపాలు, పారలు, నెత్తి దీపాల బ్యాటరీలు, పొగాకు డబ్బాలు అన్నీ మనుషులతో సహా ఆరు అంగలు వెనక్కి జరిగేవి. ఒకసారి పెద్ద మేనేజరు తనిఖీకి దిగితే ఆయన్ని కూడా, "సార్, మీ బెల్టు" అని వెనక్కి పంపాడట. ఆ మేనేజరు మొహం మాడ్చుకుని నిలబడ్డ తీరు ఊళ్ళో ముసలాళ్ళు ఇప్పటికీ అభినయించి చూపిస్తారు.

తన ఒంటి మీద మాత్రం? ప్యాంటుకి బెల్టు బదులు తాడు. చొక్కాకి చెక్క గుండీలు. బూట్లకి మేకులు పీకించి దారంతో కుట్టించుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు చేతికి వాచీ పెట్టలేదు. టైమెంతయిందో తెలియాలంటే ఆరు అంగల అవతల ఉన్నవాణ్ణి కేకేసి అడిగేవాడు.

"మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ప్యాంటుకి తాడు కట్టుకుని వచ్చారు" అంటుంది మా అత్తయ్య. "మా నాన్న చూసి, పాపం లేనివాడు అనుకుని జాలిపడ్డాడు. ఆ జాలి నా మెడకి చుట్టుకుంది." ఆవిడ ఈ మాట ఎన్నిసార్లు అన్నా మామయ్య నవ్వుతాడు, మొదటిసారి విన్నట్టు.

ఇంత చాదస్తం భరించినవాళ్ళకి దాని ఫలితమూ తెలుసు. ఒకసారి రెండు వైపుల నుంచి రెండు జట్లు ఎదురెదురుగా తవ్వుకుంటూ వచ్చాయి. మధ్యలో కలుస్తాయా లేదా అని గని గనంతా ఊపిరి బిగబట్టింది. కలిసిన చోట తేడా నాలుగు వేళ్ళు. ఆ రోజు, కిందికి దిగేవాళ్ళకి నెత్తి దీపాలిచ్చే దీపాల గది చూసుకునే ఆయన, దీపాల పెద్దాయన అంటాం, మామయ్యని ఎత్తుకుని తిప్పాడట. ఆ మాట పుట్టింది అప్పుడే. గీత తప్పదు.

గని మూతపడి పందొమ్మిదేళ్ళయింది. యంత్రాలు తీసుకెళ్ళిపోయారు, పట్టాలు పీక్కెళ్ళారు. ఎత్తిపోసిన మట్టిదిబ్బల మీద గడ్డి పట్టింది, తవ్విన గుంటల్లో నీళ్ళు చేరి కొంగలొచ్చాయి. మామయ్య కలప డిపోలో పలకలు కొలిచే పని చేసి, అక్కడా రిటైరయ్యాడు. గని ఉన్నప్పుడు ముక్కు మూసుకుని అటు చూడని వాళ్ళు ఇప్పుడు అక్కడికి గాలి కోసం వెళ్తున్నారు. అది చూసి పట్టణ ఆఫీసు వాళ్ళు ఒక నడక దారి వేద్దామనుకున్నారు. పైకప్పు లేని దీపాల గది దగ్గర మొదలై, దిబ్బల వెనక నుంచి, నీటి గుంట గట్టు మీదుగా, పట్టాలు పీకిన కట్ట వెంబడి మళ్ళీ దీపాల గదికే వచ్చే దారి. చుట్టూ తిరిగితే గంటా పావు. దారి తప్పకుండా పసుపు రంగు వేసిన చెక్క గుంజలు పన్నెండు.

దారి ఎక్కడ వెయ్యాలో తేల్చింది మామయ్య మ్యాపు. ఆఫీసులో కొత్తగా వచ్చిన ఇంజనీరు అమ్మాయి ఆ మ్యాపుని సొరుగులోంచి వెతికి తీసి, సరాసరి మామయ్య ఇంటికి వచ్చింది. "కింద సొరంగాలు లేని చోట మాత్రమే దారి వేస్తాం సార్. మీ గీత ఉండగా నాకు బెంగ లేదు" అంది. మామయ్యకి ఏనుగెక్కినంత సంబరం. ఆ అమ్మాయి వెంట తిరిగి ఒక్కో గుంజ ఎక్కడ పాతాలో తానే చూపించాడు. నాకు ఫోటోకాపీ, లామినేషన్ షాపుంది. ఆ మ్యాపుని పెద్దది చేసి, అట్ట వేసి, అద్దం బిగించింది నేనే. మొదటి గుంజ పక్కన పెట్టారు. కింద మూల మామయ్య సంతకం. ఆయన రోజూ వెళ్ళి చొక్కా కొసతో ఆ అద్దం తుడిచి వచ్చేవాడు.

నేను నడవడం మొదలుపెట్టింది ఇష్టమై కాదు. షుగరు. "రోజూ గంట నడవకపోతే నా దగ్గరికి రావద్దు" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. షాపు నుంచి ఇంటికి వంద అడుగులుంటే దానిక్కూడా ఏదైనా బండి దొరుకుతుందా అని చూసే రకాన్ని నేను. మామయ్య తోడుంటాడు కదా అని ఒప్పుకున్నాను. ఆయనతో నడవడమంటే రెండు ఊళ్ళలో ఒకేసారి నడవడం. "ఇప్పుడు మనం నాలుగో సొరంగం పక్క నుంచి పోతున్నాం. ఇక్కడే గుర్రం లాంటి మనిషి ఒకడు తవ్వేవాడు, పాటలు పాడేవాడు, గొంతు మాత్రం ఘోరం." ఇలా పైన గడ్డి, కింద మనుషులు. నిజం చెప్పాలంటే నాకు ఆ నడక బాగుండేది. పైకి మాత్రం కాళ్ళు నొప్పులని గొణిగేదాన్ని.

మొన్న వానలు తగ్గాక మామయ్య వాలకం మారింది. ఏడో గుంజ దాటగానే దారి వదిలేసి కుడివైపు ముళ్ళపొదల్లోకి దిగేవాడు. పొదల మధ్య నుంచి అరచందమామలా తిరిగి తొమ్మిదో గుంజ దగ్గర మళ్ళీ దారెక్కేవాడు. నన్నూ అలాగే రమ్మనేవాడు. ఎందుకంటే, "కాళ్ళకి మార్పు ఉండాలమ్మా" అన్నాడు మొదటిరోజు. "ఇటు నీడ" అన్నాడు రెండోరోజు. మూడోరోజు నేను అడిగేలోపే పొదల్లోకి దిగిపోయాడు. అద్దం తుడవడమూ మానేశాడు.

అత్తయ్యకి ముందే అనుమానం వచ్చింది. నేను పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని మామయ్య ప్యాంటు అంచుల్లోంచి ముళ్ళు పీకుతోంది.

"ఏమే, మీరు నడకకి వెళ్తున్నారా, కుందేళ్ళు పట్టడానికి వెళ్తున్నారా?"

"నన్నడుగుతావేం అత్తయ్యా, ఆయన్నడుగు."

"అడిగితే నీళ్ళు నములుతున్నారు. అన్నం మాత్రం నమలడం లేదు" అని ముల్లు గిరవాటేసింది. "పదిరోజులుగా ఆ దిక్సూచి పెట్టె ముందేసుకుని కూర్చుంటున్నారు. గని వాళ్ళిచ్చిన వాచీ చేతికి పెడతారు, తీస్తారు, మళ్ళీ పెడతారు. మతి గానీ పోలేదు కదా?"

ఆ రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడో గుంజ దగ్గర ఆయన పొదల్లోకి తిరగగానే నేను తిరగలేదు. "నేను రాను. పాతిన దారుండగా ఈ పొదలేమిటి సర్వేయరు గారూ?" అని దారి మీదే ముందుకి నడిచాను. ఎనిమిదో గుంజకి ఇరవై అడుగులుందేమో.

"ఆగు!"

ఆయన నా మీద జీవితంలో అరవలేదు. ఆ కేకకి నా కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. ఆ ముసలాయన పొదల్లోంచి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. చొక్కా చిరిగింది, మోచెయ్యి గీరుకుపోయింది. ఏడో గుంజ దగ్గరికి తెచ్చి నన్ను రాయి మీద కూర్చోబెట్టి, తాను నేల మీద కూలబడ్డాడు.

"అదిగో, ఎనిమిదో గుంజ మొదట్లో చూడు. నేల ఎలా ఉంది?"

చూశాను. గుంజ చుట్టూ నేల కొంచెం కిందికి దిగి ఉంది. వంటింట్లో పెద్ద పళ్ళేనికి ఉన్నంత లోతు. వాన నీళ్ళు నిలిచి ఎండిన మరక.

"వానకి కుంగింది. అంతేగా?"

"కింద గట్టి నేలుంటే కుంగదు. కింద ఖాళీ ఉంది" అన్నాడు.

"నీ మ్యాపులో అక్కడేమీ లేదుగా."

"అదే చెప్తున్నానమ్మా" అన్నాడు మామయ్య. "నా మ్యాపు తప్పు."

చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నేను ఇక్కడ కుదించి రాస్తాను.

గని మూసేసే నెలలో పెద్ద యంత్రాన్ని ముందే వేరే గనికి పంపేశారు. చివర్లో తవ్విన సొరంగం ఒకటి మిగిలిపోయింది. రెండు వందల అంగల పొడవు, పైనేలకి బాగా దగ్గరగా. దాన్ని దిక్సూచితోనే కొలవాల్సి వచ్చింది. ఆ పని చేసింది ఆఖరి రోజున. ఆ పొద్దున్నే దీపాల గదిలో నలభై మంది కూడి మామయ్యకి వాచీ ఇచ్చారు. దీపాల పెద్దాయనే దాన్ని చేతికి తొడిగాడు. "ఇంక నీకు ముల్లుతో పని లేదుగా సర్వేయరు గారూ, ఇప్పుడైనా టైము నువ్వే చూసుకో" అన్నాడట. అందరూ నవ్వారు, కొందరు ఏడ్చారు. ఆ తర్వాత మామయ్య ఆఖరిసారి కిందికి దిగాడు. అలవాటుగా కేక వేశాడు, "ఇనుమున్న వాళ్ళంతా ఆరు అంగలు వెనక్కి!" అందరూ వెళ్ళారు. పొడుగు చేతుల చొక్కా కింద, ముల్లుకి జానెడు దూరంలో, వాచీ ఉండిపోయింది. రోజూ పెట్టుకునేవాడికి తియ్యాలని గుర్తుంటుంది. ఎన్నడూ పెట్టుకోనివాడికి ఉన్నట్టే గుర్తుండదు.

"మొన్న ఆ గుంట చూశాక ఇంటికి వెళ్ళి వాచీ పెట్టుకుని దిక్సూచి పట్టుకున్నాను. ముల్లు ఐదు డిగ్రీలు పక్కకి తిరిగింది. ఆ ఐదూ సరిచేసి గీత మళ్ళీ గీశాను. రెండు వందల అంగల చివరికి వచ్చేసరికి నలభై నాలుగు అడుగుల తేడా. సరిగ్గా ఎనిమిదో గుంజ కిందికి వచ్చింది."

"ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదా?"

"ఎలా తెలుస్తుంది? మేం కొలిచేటప్పుడు ఎప్పుడూ చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం. ఎక్కడైనా తప్పు చేసి ఉంటే మొదలూ చివరా కలవవు, దొరికిపోతాం. ఆ సొరంగానికి చుట్టు లేదు. ముందుకి పోయి ఆగిపోయింది. మర్నాడు గని మూసేశారు." తల వంచుకున్నాడు. "నన్ను సరిచూడ్డానికి ఏమీ మిగల్లేదు."

నేను రాయి మీంచి లేచి నిలబడ్డాను. ఎందుకంటే వచ్చే ఆదివారం నడక రోజు. ఊళ్ళో వాళ్ళు, పాత కార్మికులు, బడి పిల్లలు, మూడొందల మంది ఆ దారి చుట్టూ తిరగబోతున్నారు. దృశ్యం బాగుంటుందని ఎనిమిదో గుంజ దగ్గరే ఆగి ఫోటో దిగే ఏర్పాటు. గురువారం అక్కడ సిమెంటు బల్ల కూడా కట్టబోతున్నారు.

"ఇవాళే వెళ్ళి ఆ ఇంజనీరు అమ్మాయికి చెప్పు" అన్నాను.

"చెప్తాను. రేపు."

ఆ రేపు మూడు రోజులు సాగింది. ఇంకోసారి లెక్క చూసుకోవాలన్నాడు. ఆఫీసు దాకా వెళ్ళి, ఆ అమ్మాయి మీటింగులో ఉందని వెనక్కి వచ్చానన్నాడు. మీటింగు ఎంతసేపుంటుంది, కూర్చోలేకపోయావా అన్నాను. చివరికి ఒకరోజు అసలు సంగతి చెప్పాడు.

"నా పేరు పోతే పోయింది. నేను భరిస్తాను. వాచీ సంగతి చెప్పాలిగా. ఆ పెద్దాయన, మిగిలినవాళ్ళు, వాళ్ళు ప్రేమగా ఇచ్చిన వస్తువు వల్లే ఇలా అయిందని వాళ్ళతో ఎలా అనమంటావు?"

నాకు జాలేసింది. జాలితో పాటు ఒళ్ళూ మండింది. "పిల్లలు గోతిలో పడ్డాక చెప్తావా?" అన్నాను. అనకూడని మాట. ఆయన మొహం చూశాక నాలుక కరుచుకున్నాను గానీ, వెనక్కి తీసుకోలేదు. నేనే వెళ్ళి చెప్పొచ్చు. చెప్తే పనైపోతుంది, ఆయన మాత్రం నా ముందు తలెత్తడు. ఒక్కరోజు చూద్దామనుకున్నాను. ఆ రాకపోకల మధ్యే బుధవారం వచ్చింది.

నడక రోజుకి పంచడానికి మ్యాపు కాగితాలు మూడొందలు అచ్చు వేసే పని నా షాపుకే వచ్చింది. ముందు ఒకటి తీసి, మామయ్య చూసి సరేనన్నాకే మిగతావి వెయ్యాలని ఇంజనీరు అమ్మాయి షరతు. బుధవారం మధ్యాహ్నం పన్నెండుకి రమ్మని ఆయనకి కబురు పంపాను. ఒక్కటే మాట చెప్పమన్నాను: "నువ్వు సరే అంటే వేస్తాను."

వచ్చాడు. తాడు కట్టిన ప్యాంటు, చంకలో దిక్సూచి పెట్టె. గని మూతపడ్డాక ఆ పెట్టె ఇంటి గడప దాటడం అదే మొదటిసారి. నేను కౌంటరు మీద కాగితం పరిచాను. మిషను వేడెక్కి గుర్రుమంటోంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితాన్ని ఒకటో గుంజ నుంచి చూడటం మొదలుపెట్టాడు. వేలు మెల్లగా జరుపుకుంటూ ఏడో గుంజ దాకా వచ్చి ఆపాడు.

సరిగ్గా అప్పుడే దీపాల పెద్దాయన వచ్చాడు. ఎనభై రెండేళ్ళు, చేతికర్ర, చెవుడు. లామినేషన్ చేయించడానికి పాత ఫోటో ఒకటి తెచ్చాడు. గని ఆఖరి రోజు ఫోటో. నలభై మంది మధ్యలో మామయ్య చెయ్యి పైకెత్తి వాచీ చూపిస్తూ నవ్వుతున్నాడు.

"చూశావా, మా సర్వేయరు పెళ్ళికొడుకులా లేడూ!" అని ఆ పెద్దాయన ఫోటోని తెచ్చి సరిగ్గా మ్యాపు మీదే పెట్టాడు.

వెనకే ఇంజనీరు అమ్మాయి స్కూటరు ఆపి లోపలికొచ్చింది. "అయిపోయిందా సార్? సరే అన్నట్టేనా? సిమెంటు వాళ్ళు రేపు పొద్దున్నే వస్తున్నారు."

నేనే చెప్పెయ్యకుండా మిషను బటను మీద వేలు పెట్టి ఆగాను. ఎంత కష్టమయిందో నాకే తెలుసు. మామయ్య ఫోటోకేసి చూశాడు, ఆ అమ్మాయికేసి చూశాడు. తర్వాత జేబులోంచి వాచీ తీసి కౌంటరు మీద పెట్టాడు.

"కాదమ్మా" అన్నాడు. "సరే కాదు. ఈ మ్యాపులో చివరి సొరంగం తప్పుగా గీశాను. అది ఎనిమిదో గుంజ కిందుంది. అక్కడ బల్ల కట్టొద్దు, మనుషుల్ని నడవనివ్వొద్దు."

ఆ అమ్మాయి ఫోటోని పక్కకి జరిపి మ్యాపులో ఎనిమిదో గుంజ కోసం వెతికింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు దీపాల పెద్దాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మామయ్య మళ్ళీ చెప్పాడు, కొంచెం గట్టిగా. పెద్దాయనకి వినపడలేదు. మూడోసారి అరవాల్సి వచ్చింది. "నా గీత తప్పిందయ్యా! నేను తప్పు కొలిచాను!" పక్క టైలరు మిషను ఆగిపోయింది. ఎదురుగా మందుల షాపులో ముగ్గురు ఇటు తిరిగారు. ఏళ్ళ తరబడి వీధి వీధంతా చెప్పుకున్న మాటని ఆయన ఆ వీధిలోనే నిలబడి తానే కేకేసి కొట్టేశాడు. నాకు తలకాయ తీసేసినట్టయింది. ఆయన్ని ఇక్కడికి పిలిచింది నేనే కదా.

అక్కడితో ఆగితే వాచీ మాట రాకుండా పోయేది. ఆయన ఆగలేదు. దిక్సూచి పెట్టె తెరిచి, నా స్టేప్లరూ కత్తెరా నా చేతికిచ్చి దూరంగా పెట్టమన్నాడు. ముల్లు కాసేపు ఊగి నిలబడింది. అప్పుడు వాచీని పక్కకి జరిపాడు. ముల్లు మెల్లగా, బద్ధకంగా, ఐదు గీతలు పక్కకి తిరిగింది. తీశాడు, వెనక్కి వచ్చింది. ఎవరూ అరవనక్కర్లేకపోయింది. దీపాల పెద్దాయనకి చెవులు లేవు గానీ కళ్ళున్నాయి. ముల్లుని చూశాడు, వాచీని చూశాడు, ఫోటోలో పైకెత్తిన చేతిని చూశాడు. అర్థమైంది.

"ఇది మేమిచ్చిందే కదూ" అన్నాడు.

"మీది కాదు తప్పు" అన్నాడు మామయ్య. "మీరు ఆరు అంగలు వెనక్కి వెళ్ళారు. నేనే వెళ్ళలేదు."

పెద్దాయన కర్ర ఆనించుకుని వాచీ మీదికి వంగి చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. ఏడుస్తాడేమో అని కూడా అనుకున్నాను.

"నువ్వు వెనక్కి పొమ్మన్నప్పుడల్లా పోయాం" అన్నాడు చివరికి. "ఎందుకని ఏనాడైనా అడిగామా? ఇప్పుడు పక్కకి పొమ్మంటున్నావు. పోతాం. దానికింత గొంతు చించుకోవడం దేనికి?"

మామయ్య కౌంటరు పట్టుకుని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా కాదు, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి ఏడ్చినట్టే, శబ్దం లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. ఆ అమ్మాయి స్టూలు తెచ్చి వేసింది. నేను కన్నీళ్ళు కనపడకుండా మిషను మూత తెరిచి కాగితం ఇరుక్కున్నట్టు వెతికాను. ఏమీ ఇరుక్కోలేదు.

తర్వాత ఆయన ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాడు. పాత గీతని కొట్టెయ్యకుండా అలాగే ఉంచి, పక్కన కొత్త గీత గీశాడు. కింద రాశాడు: "మొదటి గీత తప్పు. కొలిచింది నేనే." తేదీ వేసి సంతకం పెట్టాడు. ఆ కాగితమే మూడొందలు వేశాను.

గురువారం పొద్దున్న ఇంజనీరు అమ్మాయి మాతో వచ్చి ఏడో గుంజ దగ్గర నిలబడి తల పట్టుకుంది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య దారికి అడ్డంగా తాడు కట్టించింది. "మూడు రోజుల్లో కొత్త దారి ఎక్కడ వెతకను సార్? ఈ పొదలు కొట్టించాలి, కింద నేల చూడాలి..."

"నేల చూసే ఉంచాను" అన్నాడు మామయ్య, మొహమాటంగా. "కింద గట్టిగా ఉంది."

నేను ఆ అమ్మాయికి వేలితో చూపించాను. ముళ్ళపొదల మధ్య అరచందమామలా వంగి, నలిగిన గడ్డితో, మనిషి పట్టేంత వెడల్పున సన్నటి బాట పడి ఉంది. ఏడో గుంజ నుంచి తొమ్మిదో గుంజ దాకా. మామయ్య రోజూ నడిచి, నన్నూ నడిపించి వేసిన బాట. దానికి చెయ్యాల్సిందల్లా రెండు వైపులా కొమ్మలు నరకడమే.

ఆదివారం మూడొందల మందీ దాని మీదుగానే తిరిగారు. కొందరు ఎర్ర గీత చూసి గుసగుసలాడారు. ఒకాయనైతే, "కొలతలాయన కూడా పప్పులో కాలేశాడన్నమాట" అని నా ముందే నవ్వాడు. నేను ఆయనకి ఏం చెప్పానో ఇక్కడ రాయను, అత్తయ్య చదువుతుంది. మామయ్య మాత్రం తొమ్మిదో గుంజ దగ్గర నిలబడి, దాటిన వాళ్ళందర్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఆఖరి పిల్ల దాటాక కూర్చున్నాడు.

మూడు వారాల తర్వాత పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి నుంచి ఫోను. "మేడమ్, ఎనిమిదో గుంజ లేదు."

వెళ్ళి చూశాం. గుంజ లేదు, గుంజ చుట్టూ నేల లేదు. ఎద్దుల బండి పట్టేంత గొయ్యి. అడుగున నీళ్ళలో గుంజ పసుపు కొస ఒక్కటి కనిపిస్తోంది. బల్ల కట్టి, ఫోటో కోసం జనాన్ని నిలబెట్టి ఉంటే అన్న ఆలోచన నాకూ ఆ అమ్మాయికీ ఒకేసారి వచ్చినట్టుంది, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. దీపాల పెద్దాయన కర్రతో గొయ్యివైపు చూపిస్తూ, "చెప్పాడుగా" అన్నాడు. "మా సర్వేయరు ఇక్కడే అని చెప్పాడుగా!" వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు, చెవిటివాళ్ళు చెప్పేంత గట్టిగా.

మామయ్య మాత్రం ఆ సందడిలో లేడు. ఎర్ర గీత కాగితం, దిక్సూచి పెట్టె పట్టుకుని గోతికి దూరంగా గట్టి నేల మీద నిలబడి మొహం చిట్లించాడు.

"ఈ గీతకీ గోతికీ అడుగున్నర తేడా కనిపిస్తోంది" అన్నాడు. "మళ్ళీ చూడాలి."

పెట్టె మూత మీద చెయ్యి వేసి ఆగాడు. ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వాచీ. నడక రోజు నుంచి మళ్ళీ పెట్టుకుంటున్నాడని నేను గమనించలేదు. దాన్ని తీసి దీపాల పెద్దాయన చేతిలో పెట్టాడు.

పెద్దాయన దాన్ని గుప్పిట్లో భద్రంగా మూసుకుని, కర్ర తాటించుకుంటూ, పైకే లెక్కపెట్టుకుంటూ ఆరు అంగలు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మా అందరి మొహాలూ ఒకసారి చూసి, తాళాలూ బెల్టులూ సర్దుకుంటూ మేం కూడా ఆయన పక్కకి వెళ్ళాం.